తులసికోట చుట్టూ తీగ

జయ నామ సంవత్సరం, పుష్య బహుళ ఏకాదశి

అది మళ్లీ పెరిగింది.

నిన్న కందులు చెరుగుతుంటే గాజులు పైకి జరిగి కనిపించింది. నా ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు తులసికోట ఉంది కదా, దాని అంచు దాటి గోరంత తెలుపు. పొట్టు అంటుకుందేమో అనుకొని తుడిచాను. మళ్లీ తుడిచాను. నా పిచ్చి గాని, పొట్టయితే పోదా?

రాజంపేట పక్కన మా పల్లెలో, నేను పెద్దమనిషి కాకముందే, అమ్మ ఎవరో ఊరుగాని ఊరి మనిషిని పిలిపించి, తలుపు మూసి, ఆ తెల్లమచ్చ మీద తులసికోట పొడిపించింది. ఇన్నేళ్లూ దాని కింద గుట్టుగా పడి ఉంది. నన్ను ఇంత దూరం, ఈ పత్తికొండ వైపు పల్లెకు ఇచ్చింది కూడా మా వైపు మాటలు ఇక్కడికి చేరవనే. ఆయనకు తెలియదు. అత్తకు తెలియదు.

తెలిస్తే నన్ను పుట్టింటికి తోలడంతో అయిపోదు. మా చెల్లెలు రామసుబ్బిని మా మరిదికి అడుగుతున్నారు. మరిది నరసింహ కర్నూలులో గుమాస్తా. రాజధాని అయ్యాక అక్కడ డేరాలు వేసి నడుపుతున్న సర్కారు ఆఫీసుల్లో ఒక దాంట్లో పని. అంత సంబంధం మా ఇంటికి మళ్లీ వస్తుందా? అక్కకు ఉన్నది చెల్లెలికి రాదా అంటారు. దానికి లేదు. దాన్ని నీళ్లు పోసి పెంచింది నేను, దాని ఒళ్లంతా నాకు తెలుసు. అయినా ఎవరు వింటారు!

ఇంకొన్ని గాజులు వేసుకోవాలి.

పుష్య బహుళ త్రయోదశి

గాజులు నిలవడం లేదు. చేయి కిందికి దించితే జారుతున్నాయి, పైకెత్తితే జారుతున్నాయి.

మాఘ శుద్ధ విదియ

సంబంధం ఖాయమైంది. వైశాఖంలో పెళ్లి. సంతోషంతో ఏడ్చాను, అది మాత్రం నిజం.

సాయంత్రం అత్త ఇంకో మాట చెప్పింది. ఈ ఇంటికి అక్కచెల్లెళ్లిద్దరు కోడళ్లుగా వస్తే, చిన్నది గడప తొక్కకముందే ఇద్దరూ ఒకే రోజు, ఒకే మనిషి చేత, ఒకే బొట్టు పొడిపించుకోవాలంట. లేకపోతే తోడికోడళ్లు విడిపోయి ఇల్లు రెండవుతుందంట. ఈ ఇంటి ఆనవాయితీ.

"హులిగెమ్మకు చెప్పి పంపుతా. పడసాలలో చాప వేసి, నలుగురు ఆడోళ్ల ముందర పొడిపిద్దాం. నీకు తులసికోట ఉండాది కదా, దాని చుట్టూ ఒక తీగ వేస్తే సరి. సుబ్బమ్మకు కోటా తీగా రెండూ. జత అయితాయి" అంది అత్త.

హులిగెమ్మ! ఊళ్లో పచ్చబొట్లన్నీ ఆ ముసలామె పొడిచినవే. పొడిచే ముందు చేతికి ఆముదం రాసి, ఎండలో పెట్టించి, చర్మం అటూ ఇటూ లాగి చూస్తుంది. చూసింది చూసినట్టు అక్కడే అంటుంది. పోయినేడు ఒక పెళ్లికూతురి చేయి పట్టుకొని "ఈ బిడ్డ వాంతులు చేసుకుంటాందా?" అని అందరిలో అడిగిన మనిషి. నా చేయి ఆమె చేతిలో పడితే నా బతుకు అరుగు మీద పడినట్టే.

"నొప్పి కదా అత్తా" అన్నాను చిన్నపిల్లలాగా.

"ఏమ్మే, రేపు బిడ్డల్ని కనాల్సినదానివి, సూదికే భయపడితే ఎట్ల?"

మాఘ శుద్ధ షష్ఠి

బావి దగ్గర అందరి చేతులూ చూస్తున్నాను. ఎవరు పొడిచినారు, వాచిందా, చీము పట్టిందా, రంగు చెదిరిందా అని అడుగుతున్నాను. "ఏమే నాగలక్ష్మీ, నువ్వు కూడా సూదులు పట్టుకోని ఊర్ల మీద పోతావా ఏంది?" అని నవ్వారు. నేనూ నవ్వాను.

నేను అడగాలనుకున్నది అడగలేదు. పొడిచే మనిషికి నోరు ఉందా లేదా అన్నది.

పక్కింటి రామేశ్వరమ్మ ఒక మంచి మాట చెప్పింది. మహానంది తిరునాళ్లకు మిషనుతో పచ్చబొట్టు వేసే ఆడమనిషి వస్తుందంట. బ్యాటరీలతో నడిచే సూది అంట. ఎండలో పెట్టేది లేదు, ఊరంతా చుట్టూ చేరేది లేదు. గోనెపట్టా అడ్డం కట్టి లోపల వేస్తుందంట.

గోనెపట్టా అడ్డం. అంతకంటే నాకేం కావాలి!

మాఘ శుద్ధ దశమి

ఆయనతో చెప్పాను. శివరాత్రికి మనం మహానంది పోదాం, అమ్మనూ సుబ్బినీ అక్కడికే రమ్మందాం, దేవుని దగ్గర పొడిపించుకుంటే మంచిది కదా అని. ఆయన మెత్తని మనిషి, నేనడిగిందానికి కాదనడు. అత్తను ఒప్పించింది కూడా ఆయనే.

ఇదంతా సుబ్బికి నొప్పి తక్కువ అవుతుందనే. చిన్నపిల్ల, హులిగెమ్మ సూదుల కట్టకు ఓర్చుకోలేదు.

మహానంది, శివరాత్రి ముందురోజు

అమ్మా సుబ్బీ వచ్చారు. అమ్మ నా చేయి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఎట్లన్నా చేసుకో తల్లీ, చిన్నదాని పెండ్లి కానీ" అంది. నీకెట్లా ఉందే అని అడగలేదు. అడిగుంటే బాగుండేది.

ఇక్కడి గుండంలో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున పడిన రూపాయి బొమ్మో బొరుసో పైనుంచే చెప్పొచ్చు. అందరూ ఆ తేటను పొగుడుతూ మునుగుతుంటే నాకు ఒకటే వణుకు. చేయి కొంగులో చుట్టుకొని మునిగాను. "చలా?" అంది అత్త. చలే అన్నాను.

మధ్యాహ్నం గాజులు కొంటానని చెప్పి మిషనామెను చూసొచ్చాను. పేరు ఏసుమణి. కడప మనిషి, కిరస్తానీలు. మొగుడు జ్ఞానరాజు బయట మగవాళ్లకు పొడుస్తాడు, ఆమె పట్టా వెనక ఆడవాళ్లకు. అబ్బో, ఆమె గొప్పలు శానా! మద్రాసులో నేర్చుకుందంట, రాయలసీమలో ఇంకెవరి దగ్గరా ఇట్లాంటి మిషను లేదంట. చేయి కడుక్కోకుండా వచ్చిన ఒక పెద్దామెను "ఆ పిడకల చెయ్యి కడుక్కోని రా పో" అని లేపి పంపింది.

"నువ్వు పొడిచిన చేతులు చూడాల" అన్నాను.

"అద్దో, ఆ బొరుగులు అమ్మే ఆమె చెయ్యి చూడు. వేసి ఏండ్లయింది. గీత ఏమన్నా చెదిరిందేమో చూసి చెప్పు."

చూశాను. ఏమీ చెదరలేదు. తిరిగొచ్చి, నాకు కావలసింది మెల్లగా లాగాను. "పత్తికొండ తట్టు ఆడోళ్లు ఎవరన్నా వచ్చినారా? ఏమేం వేయించుకున్నారు?"

"వచ్చినారు. ఏం వేయించుకున్నారో వాళ్ల చేతుల్నే అడుగు. నా పని సూదితో, నోటితో కాదు" అని మిషను తుడుచుకుంటూ కూర్చుంది.

ఈమే. వేరే ఎవరినీ చూడనక్కర్లేదు.

మహానంది, శివరాత్రి

అయింది.

అమ్మ మా అత్తను పట్టా బయట పూల గంప దగ్గర కూర్చోబెట్టి మాటల్లో పెట్టింది. ముందు నేను లోపలికి పోయాను. గాజులు పైకి తోశాను. ఏసుమణి నా చేయి వెలుతురుకు తిప్పి చూసి, మిషను పక్కన పెట్టేసింది.

"ఇది బొల్లి కదమ్మా."

ఈ పుస్తకంలో నేను ఇంతవరకు రాయని మాట. ఆమె ఎంత సులువుగా అనేసిందో. మెల్లగానే అంది, పట్టా దాటలేదు.

"దీని అంచున సూది పడితే రేగి ఇంకా పాకుతాది. నేను చూసినా. నేను వెయ్యను, ఇంకెవరి దగ్గరా వేయించుకోబాకు."

"మా చెల్లెలి పెండ్లి ఉండాది. బయట మా అత్త కూర్చోనుండాది."

"పెండ్లి అయిపోతాది. మళ్ల నీ చెయ్యి యాడికి పోతాది?"

నేను వంగి ఆమె కాళ్లు పట్టుకున్నాను. ఆమె గబుక్కున వెనక్కి జరిగింది. భయపడింది. "మీరు మా కాళ్లు పట్టుకునేదేందమ్మా! ఎవరన్నా చూస్తే మమ్మల్ని బతకనిస్తారా?" అని గొంతు నొక్కి తిట్టింది. తిడుతూనే చేయి కడిగింది, తిడుతూనే సూది పెట్టింది. జోరీగ రొదలాగా మిషను చప్పుడు. తెలుపు ఎంతవరకు ఉందో అంతవరకూ ఆకులు దట్టంగా వేసుకుంటూ పోయింది. ఎంత ముచ్చటైన తీగ! నడుమ ఒక్కచోట కూడా చేయి వణకలేదు.

"నేను వద్దన్నాననేది మాత్రం గుర్తు పెట్టుకో" అంది చివర్లో.

తర్వాత సుబ్బికి వేసింది. అదే సూది కడిగి, అదే పచ్చబొట్టు మసితో. సుబ్బి ఏడవకుండా దానికి ఏవో కడప కబుర్లు చెప్పి నవ్వించింది. బయటికొచ్చాక అత్త రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకొని మురిసిపోయింది.

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి

పొక్కులు రాలిపోయాయి. ఎక్కడా తెలుపు లేదు. బావి దగ్గర అందరూ నా చేయి పట్టుకొని చూశారు. పట్టుకోనిచ్చాను! ఎన్నేళ్లయింది ఒకరికి నా చేయి ఇట్లా ఇచ్చి. మిషనామె ఒట్టి కోతలు కోసింది, రేగనూ లేదు పాకనూ లేదు.

ఫాల్గుణ బహుళ సప్తమి

తీగ ఆకుల చుట్టూ తెల్లగా చుక్కలు. ఆముదం జిడ్డు ఎండిందేమో.

ఫాల్గుణ బహుళ దశమి

జిడ్డు కాదు.

మన్మథ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ విదియ

నిన్న ఉగాది. ఈరోజు అంట్లు తోముతుంటే అత్త నా పక్కన కూర్చొని చేయి పట్టేసింది.

"ఏందే ఇది?"

తీగ పొడవునా తెల్లని అంచు. సూది ఎక్కడెక్కడ తిరిగిందో అక్కడంతా.

దేవుని సాక్షిగా రాస్తున్నాను, నేను ముందుగా ఏమీ అనుకొని పెట్టుకోలేదు. నోరు దానంతటదే చెప్పింది. "ఆ మిషనామె మసి మంచిది కాదేమో అత్తా. పొడిచినప్పుడే శానా మండింది."

"సుబ్బమ్మకు బాగుండాదని కదా మీ అమ్మ చెప్పి పంపింది? ఒకే సూది, ఒకే మసి కదే?"

"దానికి వేరే సీసా తీసింది."

ఎంత గబుక్కున వచ్చిందో ఆ మాట. సీసా ఎట్లాంటిదో, మూత ఏ రంగో కూడా అడిగితే చెప్పేదాన్ని. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. "బంగారట్లాంటి చేయి పాడు చేసింది కదే ముండ" అని, నా చేయి తన ఒళ్లో పెట్టుకొని వెన్న రాసింది. నేను రాయించుకున్నాను.

ఆయన వచ్చి చూసి, అన్నం తినకుండా లేచిపోయాడు.

చైత్ర శుద్ధ పంచమి

ఎవరికీ ఏమీ కాదు. ఆమె ఈ తట్టుకు రాదు. తిరునాళ్లు తిరిగే మనిషి, ఎక్కడుంటుందో ఏమో. కనిపించని మనిషి మీద ఒక మాట పడితే ఏం పోయింది? పెళ్లి నిలబడింది కదా.

అత్త రోజూ వెన్న రాస్తోంది. ఈ ఇంట్లో నన్ను ఇంత ముద్దుగా ఎప్పుడూ చూడలేదు.

చైత్ర బహుళ తదియ

మధ్యాహ్నం బండి చప్పుడైతే సంత సరుకులు వచ్చాయనుకొని వాకిట్లోకి పోయాను. ఆయన, సెలవుకు వచ్చిన మరిది, బండి ముందర. వెనక ఏసుమణి నడిచి వస్తోంది. బండిలో జ్ఞానరాజు. పెదవి చీలి చొక్కా అంతా నెత్తురు. పత్తికొండ సంతలో పట్టుకున్నారంట.

"రాయే, చెయ్యి చూపించు" అంది అత్త.

చూపించాను.

"ఏం కలిపినావే మసిలో? మా ఆడమనిషి చెయ్యి చూడు ఎట్లయిందో!" అని ఆయన అరిచాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

జ్ఞానరాజు బండిలోనుంచే చేతులు జోడించి, "సామీ, ఆయమ్మ మా దగ్గరికి వచ్చేటప్పటికే ఆ చేతికి..." అన్నాడు.

"నువ్వు గమ్మునుండు!" ఏసుమణి మొగుడి మీద అరిచింది. నా చేయి చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను తల దించుకోలేదు. దించుకుంటే తెలిసిపోతుందని దించుకోలేదు. "మసి సరిగా కుదర్లేదేమో సామీ. తప్పు నాదే. ఇంక ఈ తట్టు రాము" అంది ఆయనతో.

మరిది మిషనును రోట్లో వేసి రోకలితో పొడిచాడు. రేపు మా సుబ్బికి మొగుడయ్యే మనిషి. ఏసుమణి ఆ రోలు వైపు చూసి ఏడ్చింది. అంతవరకు ఏడవలేదు.

నేను "పోనీయండి, వదిలేయండి" అని చెప్పాను. అప్పుడు వదిలేశారు.

చైత్ర బహుళ చవితి

నిన్న చివర్లో రాసింది అబద్ధం. నేను ఎవరినీ వదిలేయమనలేదు. చేయి చూపించి, రోకటి చప్పుడు వింటూ నిలబడి, లోపల పప్పు మాడు వాసన వస్తే వచ్చి కుండ దించాను. మళ్లీ బయటికి పోలేదు. వాళ్లు ఎప్పుడు పోయారో, జ్ఞానరాజు నడవగలిగాడో లేదో నాకు తెలియదు.

నా పుస్తకంలో నేను నాకే అబద్ధం రాసుకున్నాను. ఎవరు చదువుతారని? ఛీ.

చైత్ర బహుళ సప్తమి

ఆమె భయపడి ఒప్పుకుంది. నిజం చెబితే, రెడ్ల ఆడమనిషి మీద నిందలు వేస్తావా అని ఇంకా కొట్టి ఉండేవాళ్లు. తన మొగుణ్ణి కాపాడుకోవడానికే అట్లా అంది. నా కోసం కాదు.

చైత్ర బహుళ అష్టమి

నా కోసం కూడా. మొగుడి నోరు మూసేటప్పుడు నా వైపే చూసింది.

వైశాఖ శుద్ధ ద్వాదశి

పెళ్లి బాగా జరిగింది. పెళ్లికూతురి చేయి, పెద్దకోడలి చేయి చూసి ఆడవాళ్లందరూ ముక్కున వేలేసుకున్నారు. ఒకే చెట్టు కొమ్మల్లో ఒకటి పండిందట, ఇంకొకటి మాడిందట. అత్త వచ్చిన ప్రతి మనిషికీ మిషనామె కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆమె ఇంకొంచెం చెడ్డదవుతోంది. ఇప్పుడు ఆమె కావాలనే చేసిందంట, రెడ్ల ఆడవాళ్లంటే కడుపుమంటంట.

సుబ్బి పసుపు బట్టల్లో నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఆమెను ఏం చేసినారు?" అంది. దానికి నా చేయి చిన్నప్పటినుంచీ తెలుసు.

"ఏం చెయ్యలేదు, తిట్టి పంపించినారు" అన్నాను.

"మిషను?"

"ఎవరే నీకు ఇవన్నీ చెప్పేది? పెళ్లికూతురివి, గమ్మున కూర్చో పో."

పోయి కూర్చుంది. మళ్లీ నా వైపు చూడలేదు. దానికి నేను తల్లి తర్వాత తల్లిని.

వైశాఖ బహుళ విదియ

ఆయన నా చేయి చూసినప్పుడల్లా "ఆ రోజు ఇంకో నాలుగు తగిలించాల్సింది" అంటాడు. ప్రేమతోనే అంటాడు. ఆయన చేత ఆ పని చేయించింది నేను. సంతలో ఒక మనిషిని నెత్తురు కారేట్టు కొట్టే మనిషి కాదాయన. ఇప్పుడయ్యాడు. ఈ సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియదు.

రెండుసార్లు చెబుదామని పక్కన కూర్చున్నాను. ఒకసారి తలనొప్పి అని లేచొచ్చాను. ఇంకోసారి ఏమీ అనకుండానే లేచొచ్చాను. సుబ్బి పెళ్లయి వారం కూడా కాలేదు, ఇప్పుడెట్లా చెప్పేది?

జ్యేష్ఠ శుద్ధ నవమి

మా ఊరి సుంకప్ప కూతురు అత్తగారింటికి పోవాల్సి ఉంది. పచ్చబొట్టు లేని చేత్తో పోకూడదని తల్లీకూతుళ్లు మా ఇంటికి వచ్చారు, మంచి చేయి ఎవరిదో కనుక్కోవడానికి. అత్త నన్ను పిలిచి, చాప మీద కూర్చోబెట్టి, నా చేయి వాళ్ల ముందు పెట్టింది. తెలుపు మోచేతి దాకా వచ్చేసింది ఇప్పుడు. అందరికీ చూపిస్తున్నాం, దాచేది ఏమీ లేదు.

"మా కోడలు అనుభవించింది, దాన్నడగండి. చెప్పే నాగలక్ష్మీ, యాడ వేయించుకోవాల్నో, యాడ వద్దో."

ఆ పిల్లకు ఎన్నేళ్లుంటాయి, పదిహేనో పదహారో. కళ్లు పెద్దవి చేసుకొని నన్నే చూస్తోంది. "అక్కా, కడపామె ఒకామె మిషనుతో శానా ముచ్చటగా వేస్తాదంట కదా? నొప్పి కూడా తెలీదంట. నిజమేనా?" అంది.

నిజమే తల్లీ. చేయి కడిగి వేస్తుంది, సూది కడిగి వేస్తుంది. వద్దన్నచోట వద్దని చెబుతుంది. కొట్టినా ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పదు. నేను ఇన్ని చేతులు చూసి, ఇంతమందిని అడిగి ఏరుకున్న మనిషి.

"ఆమె దగ్గరికి మాత్రం పోవద్దమ్మా" అన్నాను. "హులిగెమ్మను పిలిపించుకో."

"ఆమె పేరేందక్కా? తెలీక ఆమె చేతిలోనే పడితే?"

పేరు చెప్పాను. మొగుడి పేరు కూడా చెప్పాను.